పని నేర్పువాని హృదయము

(పఠనీయ భాగములు: నిర్గమకాండము 35:30–35, అపొస్తలుల కార్యములు 15:36–41, 18:1–4, 24–28, 2 తిమోతి 2:2)



మన ప్రాంతములో ఏ పనిస్థలమునకు వెళ్లి చూచినను ఇద్దరు కనబడుదురు. ఒకరు పని తెలిసినవారు, మరియొకరు పని నేర్చుకొనుచున్నవారు. తాపీమేస్త్రీ ప్రక్కన ఇటుకలందించు కుర్రవాడు, కుట్టుమిషను దగ్గర అక్కను చూచి కాజాలు కుట్టుట నేర్చుకొను చెల్లెలు, బడిలో పెద్ద పంతులుగారి క్రింద క్రొత్తగా చేరిన టీచరమ్మ, ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ వెంట నడచు చిన్న నర్సమ్మ, సంఘములో కాపరి ప్రక్కన నిలుచు యౌవన ఉపదేశి. ఈ ఇద్దరి మధ్య సంబంధము చక్కగా నున్నయెడల పనియు నిలుచును, మనిషియు నిలుచును. అది చెడినయెడల నేర్చుకొనువాడు పని విడిచి ఇంటికి పోవును. ఒక్కొక్కప్పుడు దేవుని మందిరమునకే దూరమగును. అట్లు ఒక యౌవనుడు దూరమగుటకు మేమే కారణమైతిమి. ఆ సంగతి ఈ పాఠములోనే చెప్పుదుము.

“ఇది లోకపు పనికి సంబంధించిన సంగతి గదా, దీనికి వాక్యముతో నిమిత్తమేమి?” అని ఎవరైన అడుగవచ్చును. అయితే బైబిలులో పని నేర్పినవారును నేర్చుకొన్నవారును ఎందరో యున్నారు. వారిలో కొందరిని ఈ మాసము మనము చూతము.

1. నేర్పు గుణము దేవుడిచ్చు వరము

అరణ్యములో ప్రత్యక్షపు గుడారము కట్టవలసి వచ్చినప్పుడు దేవుడు యూదా గోత్రికుడైన బెసలేలును పేరుపెట్టి పిలిచెను. బంగారు పని, వెండి పని, ఇత్తడి పని, రత్నములు చెక్కుట, కఱ్ఱపని, ఇవన్నియు చేయు నేర్పు అతనికి అనుగ్రహించెను. మనము సాధారణముగా అంతవరకే చదివి ఆగిపోవుదుము. 34వ వచనమును చూడుడి. ఇతరులకు నేర్పవలెనను బుద్ధిని కూడ దేవుడే అతని హృదయములోను, దాను గోత్రికుడైన అహోలీయాబు హృదయములోను పుట్టించెనని అక్కడ వ్రాయబడియున్నది.

పని చేయగలుగుట ఒక వరము. ఆ పనిని మరియొకనికి నేర్పగలుగుట వేరొక వరము. మొదటిది కలిగి రెండవది లేనివారు మన ఊళ్లలో చాలమంది యున్నారు. మంచి పనివాడే, అయితే పనిలోని కిటుకు చెప్పవలసిన సమయమున కుర్రవానిని టీ తెమ్మని పంపివేయును. “వీడు నేర్చుకొన్నచో రేపు నా ఎదుటనే దుకాణము పెట్టును” అని అతని భయము. బెసలేలు అట్లు భయపడినయెడల గుడారము పని ఎట్లు సాగును? అన్ని తెరలు, అన్ని పలకలు, అన్ని కొలుకులు ఒక్కని చేతిమీదుగా పూర్తియగునా? అతడు నేర్పెను గనుక అనేకుల చేతులతో ఆ పని నెరవేరెను.

2. ప్రక్కన కూర్చుండి నేర్పుట

ఇప్పుడు అరణ్యము విడిచి కొరింథు పట్టణమునకు వెళ్లుదము. రోమా చక్రవర్తియైన క్లౌదియ యూదులను రోమా విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. అది క్రీ.శ. 49వ సంవత్సర ప్రాంతమున జరిగినదని చాలమంది పండితుల అభిప్రాయము. అట్లు ఊరు విడిచి వచ్చిన దంపతులు అకుల, ప్రిస్కిల్ల. వారి వృత్తి డేరాలు కుట్టుట. పౌలు వృత్తియు అదే. అతని స్వస్థలమైన తార్సు కిలికియ దేశములోనిది. ఆ దేశము మేకవెండ్రుకల ముతక బట్టకు పేరుపొందినది. యూదులలో ధర్మశాస్త్రము చదివినవాడైనను చేతిపని యొకటి నేర్చుకొనుట మర్యాదగా నుండెను. ఆలాగున పౌలు వారి యింట కాపురముండి, వారితో కలిసి పనిచేసెను. అతడు కొరింథులో ఒక సంవత్సరము మీద ఆరు నెలలు నివసించెను.

ఆ యింటిని మన మనసులో చూతము. ముగ్గురు నేలమీద కూర్చుండియున్నారు. చేతులలో సూది, దారము. కుట్టు ఒకరు చూపుచున్నారు, వాక్యము మరియొకరు చెప్పుచున్నారు. ప్రసంగపీఠము లేదు, నల్లబల్ల లేదు. ఒకరి పని ఒకరు రోజంతయు చూచుచున్నారు. కోపము వచ్చినప్పుడు ఎట్లుండునో, కొనువాడు బేరమాడినప్పుడు ఎట్లు మాటలాడునో, నష్టము వచ్చినప్పుడు ఎట్లు ప్రార్థించునో అన్నియు చూచుచున్నారు. ఆ విధముగా నేర్చుకొనినది ఎన్నటికిని మరువబడదు. పదునెనిమిది నెలల తరువాత ఆ దంపతులు పౌలుతో కూడ ఓడ యెక్కి ఎఫెసుకు వచ్చిరి. అతడు వారిని అక్కడ విడిచి ముందుకు సాగెను. వారు ఇతరులకు నేర్పగలరని అతడెరుగును.

కావున పని నేర్పుట యనగా దూరమునుండి కేకలు వేయుట కాదు. “చూడు, నేను చేయుచున్నాను. ఇప్పుడు నీవు చేయుము, నేను చూచెదను” అని ప్రక్కన కూర్చుండుట.

3. తప్పును ఒంటరిగా సరిదిద్దుట

ఎఫెసులో ఆ దంపతులకు ఒక పరీక్ష వచ్చెను. అలెక్సంద్రియ పట్టణస్థుడైన అపొల్లో అచ్చటికి వచ్చి సమాజమందిరములో ధైర్యముగా బోధింపసాగెను. అతడు విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు, ఉత్సాహవంతుడు. అయితే అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలియును. ఆ బోధలో కొరతయున్నదని అకుల ప్రిస్కిల్లలు గ్రహించిరి.

వారు సమాజమందిరములో లేచి నిలువబడలేదు. “ఇతనికి సగమే తెలియును” అని ప్రక్కవారి చెవిలో ఊదలేదు. అతనిని తమయొద్దకు చేర్చుకొని దేవుని మార్గమును మరి పూర్తిగా విశదపరచిరి. తరువాత అతడు అకయకు వెళ్లదలచినప్పుడు సహోదరులు అతనికి యోగ్యతాపత్రిక వ్రాసి పంపిరి. ఆ సంఘములో పౌలు నాటెను, అపొల్లో నీళ్లు పోసెను (1 కొరింథీ. 3:6).

మరి మేమేమి చేసితిమి? కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక యౌవనుడుండెను. ఇంటరు చదివినవాడు, వాక్యము చెప్పవలెనను ఆశగలవాడు. మేమతనిని చేరదీసి కొంత నేర్పితిమి. కోతకాలపు పండుగ ఆరాధనలో ప్రసంగించుటకు తరుణమిచ్చితిమి. మందిరము నిండుగా నుండెను. అతడు కర్మెలు పర్వతముమీద బలిపీఠము కట్టిన సంగతి చెప్పుచు, తొట్రుపాటున ఏలీయా అనుటకు బదులు ఎలీషా అనెను. మేము కుర్చీలోనుండి లేచి, “ఎలీషా కాదు, ఏలీయా. చదువుకొని రావలెను గదా!” అంటిమి. కొందరు నవ్విరి. స్త్రీల వరుసలో కూర్చుండిన అతని తల్లి తల వంచుకొనెను. ఆ కుర్రవాడు మరి నాలుగు మాటలు చెప్పి ముగించెను. తరువాత ఎన్నడును ప్రసంగపీఠము ఎక్కలేదు. కొన్ని వారములకు ఆరాధనకు వచ్చుటయు మానివేసెను.

మేము చెప్పినది నిజమే. కర్మెలుమీద నున్నవాడు ఏలీయాయే. అయితే ఆ నిజమును ఆరాధన ముగిసిన తరువాత వేపచెట్టు క్రింద చెప్పవచ్చును గదా. వాక్యమును కాపాడితిమని ఆ దినమున మేమనుకొంటిమి. మేము కాపాడుకొన్నది మా పెద్దరికమునే.

ఈ దినములలో ఈ పాపము మరింత సులభమైనది. పనిలో క్రొత్తగా చేరిన అమ్మాయి లెక్కలో పొరపాటు చేయగా, పైనున్నవారు ఆమెను పిలిచి చెప్పుటకు బదులు నలుబదిమంది యున్న వాట్సాప్ గ్రూపులో వ్రాసి పెట్టుదురు. ఒక్క వ్రేలితో నొక్కిన మాట ఒక మనిషి పరువును తీసివేయును. సహోదరుడు తప్పుచేసినయెడల మొదట అతనియొద్దకు వెళ్లి ఒంటరిగా చెప్పవలెనని ప్రభువు మనకు ఆజ్ఞాపించెను (మత్తయి 18:15). ఆ ఆజ్ఞ మందిరములో ఎంతో దుకాణములోను ఆఫీసులోను అంతే.

4. పడినవానికి మరల తరుణమిచ్చుట

బర్నబా, పౌలు మొదటి సువార్త ప్రయాణమునకు బయలుదేరినప్పుడు మార్కు అను మారుపేరుగల యోహానును సహాయకునిగా తీసికొనిపోయిరి. అతడు పెర్గేలో వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. రెండవ ప్రయాణమున అతనిని మరల తీసికొనిపోవలెనని బర్నబా అనెను. పనిని విడిచిపోయినవానిని తీసికొనిపోవుట తగదని పౌలు అనెను. వాదము తీవ్రమై ఆ ఇద్దరు వేరైపోయిరి. పౌలు సీలను ఏర్పరచుకొనెను. బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడ యెక్కెను.

పౌలు మాటలో న్యాయము లేకపోలేదు. మధ్యలో పనివిడుచువాడు వెంటనున్నవారికి భారమే. అయినను బర్నబా ఆ యౌవనునిలో నిన్నటి తప్పును మాత్రమే గాక రేపటి పనివానిని చూచెను. సంవత్సరములు గడచిన తరువాత చెరసాలలోనున్న పౌలు మార్కును వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాయుచు, అతడు తన పరిచర్యకు ప్రయోజనకరుడని ఒప్పుకొనెను (2 తిమోతి 4:11). సంఘము మొదటినుండి అంగీకరించినట్లు రెండవ సువార్త వ్రాసినవాడు ఈ మార్కే. బర్నబా అతనిని విడిచిపెట్టియున్నయెడల ఏమగునో తలంచుడి.

ఈ పాఠమును మేము గ్రంథములో చదివితిమి గాని, దానిని కన్నులార చూచినది ఒక మోటారు వైండింగు షాపులో. రెండు సంవత్సరములైన పిమ్మట మా తమ్ముని పొలములో బోరు మోటారు కాలిపోగా అతనితో కూడ మేమును మండల కేంద్రమునకు వెళ్లితిమి. ఆ షాపులో రాగితీగ చుట్టుచు కూర్చుండినవాడు ఆ యౌవనుడే! మమ్మును చూచి లేచి నమస్కరించెను, మరల తల వంచి పని చేసికొనుచుండెను.

అంతలో ఒక రైతు ఆటోలో మోటారు తెచ్చి దించెను. నిన్ననే చుట్టి ఇచ్చిన మోటారు. స్విచ్చి వేయగా బుర్రున మ్రోగి, తిరుగక, వేడెక్కి పొగ వచ్చినదట. వరి పొట్టమీద నున్నది, మడిలో నీరు లేదు. “ఎవడు చుట్టినాడు దీన్ని?” అని రైతు కేకలు వేసెను. చుట్టినవాడు ఆ కుర్రవాడే. అతని ముఖము తెల్లబోయెను. షాపు యజమాని మాత్రము నెమ్మదిగా, “నా షాపులో చుట్టింది, బాధ్యత నాది. రేపు సాయంత్రానికి ఇస్తాను. డబ్బు అక్కర్లేదు. అంతవరకు ఈ పాత మోటారు పెట్టుకో” అని చెప్పి పంపివేసెను.

రైతు వెళ్లిన తరువాత ఆయన కుర్రవానిని పిలిచి, “కనెక్షను ఎక్కడ తిరగబడిందో నువ్వే వెతుకు నాయనా. దొరికాక నాకు చూపించు” అనెను. పనిముట్టు తన చేతిలోనికి తీసికొనలేదు. ఒక గంటసేపు వెదకి ఆ కుర్రవాడు ఒక కాయిలు కొసలు తారుమారైనట్లు కనుగొనెను. “చూశావా, ఈ తప్పు ఇక నీకు జన్మలో రాదు” అని యజమాని నవ్వి, కాలిన తీగ తీసివేసి మరల చుట్టుమని చెప్పి ప్రక్కనే కూర్చుండెను. రాగితీగ నష్టము ఆయనదే. ఆయన మన సంఘమునకు చెందినవాడు కాడు, మన గ్రంథమును చదివినవాడును కాడు. అయినను బర్నబా చేసిన పని ఆయన చేసెను. వేదాంత పాఠశాలలో చదివిన మేము ఆ బల్లమీద కూర్చుండి సిగ్గుపడితిమి.

సాయంకాలము టీ కొట్టు దగ్గర ఆ కుర్రవానిని పిలిచి, “తమ్ముడూ, ఆ రోజు నేను చేసింది తప్పు. నన్ను క్షమించు” అంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, “కోపం లేదు అయ్యగారూ. మళ్ళీ అక్కడ నిలబడాలంటే కాళ్ళు వణుకుతున్నాయి” అనెను. మేము బలవంతము చేయలేదు. క్రిస్మసుకు ముందు అతడు తనంతట తానే వచ్చి మందిరపు దీపముల తీగలు అమర్చెను. తరువాత తల్లితో ఆరాధనకు వచ్చుచున్నాడు, వాక్యపఠనము చేయుచున్నాడు. ప్రసంగమునకు ఇంకను లేచి నిలువలేదు. మేము కనిపెట్టుచున్నాము. కూల్చుటకు ఒక్క నిమిషము చాలెను; కట్టుటకు సంవత్సరములు పట్టుచున్నది.

5. దొరతనము కాదు, స్నేహము

మన తెలుగు సంఘముల చరిత్రలో ఈ సంగతిని బహిరంగముగా పలికిన మహనీయుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. 1874లో తిరునెల్వేలి ప్రాంతమున జన్మించి, 1909లో మిషనరీగా దోర్నకల్‌కు వచ్చి, 1912 డిసెంబరు 29న దోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో మొదటి బిషప్పు అనిపించుకొన్నవారు. అంతకు రెండు సంవత్సరముల ముందు, 1910లో, ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాటలాడిరి. విదేశీ మిషనరీలకును వారి క్రింద పనిచేయు భారతీయులకును మధ్యనున్న సంబంధమే ఆయన విషయము. మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. అయితే సంబంధము యజమానికిని జీతగానికిని మధ్య నున్నట్లుండుట చాలదని, మాకు స్నేహితులు కావలెనని వేడుకొనిరి. ఆ మాట సభలో కొందరికి రుచింపలేదు. అయినను నేటివరకు దానిని సంఘములు జ్ఞాపకము చేసికొనుచున్నవి.

అజరయ్యగారిని ప్రోత్సహించి ఆ బాధ్యతకు ముందుకు తెచ్చిన పెద్దలలో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు ముఖ్యులు. తన అధికార పరిధిలోని భాగమును విడదీసి భారతీయునికి అప్పగించుటకు ఆయన వెనుదీయలేదు. పని నేర్పువానికి చివరి పరీక్ష ఇదే: అప్పగించి ప్రక్కకు తొలగుట. అపొస్తలుల కార్యములు పదమూడవ అధ్యాయపు ఆరంభమున బర్నబా పేరు ముందు, సౌలు పేరు వెనుక నున్నది. ఆ అధ్యాయము ముగియకముందే పౌలు పేరు ముందునకు వచ్చినది. తార్సుకు వెళ్లి సౌలును వెదకి అంతియొకయకు తీసికొనివచ్చినవాడు బర్నబాయే. తాను తెచ్చినవాడు తనకంటె ముందు నడచుచుండగా అతడు సణిగినట్లు ఎక్కడను వ్రాయబడలేదు.

6. నేర్పువారికిని నేర్చుకొనువారికిని కొన్ని మాటలు

నేర్పువారలారా, పని నేర్పుచున్నామను నెపముతో సంవత్సరముల తరబడి జీతములేని చాకిరి చేయించుకొనకుడి. పనివారి కూలి బిగబట్టినయెడల అది మొరపెట్టునని యాకోబు హెచ్చరించెను (యాకోబు 5:4). మన దేశములో 1961 నాటి అప్రెంటిసుల చట్టము, దాని క్రిందికి వచ్చు సంస్థలలో పని నేర్చుకొనువారికి వ్రాతపూర్వకమైన ఒప్పందమును, నెలనెల భృతిని ఏర్పరచినది. 14 సంవత్సరములు నిండని పిల్లలను దుకాణములలో పనికి పెట్టుట 2016లో సవరించిన బాలకార్మిక చట్టము ప్రకారము నేరము. వారికి తగిన స్థలము బడి.

పైనున్న పనులన్నియు మీరే చేయకుడి. మోషే ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు ఒక్కడే తీర్పు తీర్చుట చూచి అతని మామ యిత్రో, ఈ విధముగా నీవును ప్రజలును నలిగిపోవుదురని చెప్పెను (నిర్గమ. 18). సమర్థులను ఏర్పరచి చిన్న సంగతులు వారికి అప్పగించుమని ఆలోచన ఇచ్చెను. అప్పగింపనివాడు నేర్పలేడు.

నేర్చుకొనువారలారా, అపొల్లోను చూడుడి. అంతటి విద్వాంసుడు డేరాలు కుట్టువారి యింట కూర్చుండి, అందులో ఒక స్త్రీ చెప్పిన మాటను కూడ అంగీకరించెను. మీరు డిప్లొమా చదివి యుండవచ్చును, మీ మేస్త్రీకి సంతకము మాత్రమే వచ్చియుండవచ్చును. అయినను ఇరువది సంవత్సరములు గోడ కట్టిన చేతికి తెలిసినది పుస్తకములో లేదు. ఏలీయా చేతులమీద నీళ్లు పోసినవాడని ఎలీషాకు పేరు (2 రాజులు 3:11). చిన్న పనిని చులకన చేయకుడి. అయితే ఎవరైన అన్యాయము చేయుమనినను, దొంగ లెక్క వ్రాయుమనినను, అది నేర్చుకొనవలసిన పని కాదు.

ముగింపు

తాను విన్న సంగతులను ఇతరులకు బోధింప సామర్థ్యముగల నమ్మకమైనవారికి అప్పగింపుమని పౌలు తిమోతికి వ్రాసెను. ఆ ఒక్క వచనములో నాలుగు తరములున్నవి: పౌలు, తిమోతి, నమ్మకమైనవారు, మరికొందరు. ఈమధ్య మేము ఆ షాపునకు మరల వెళ్లితిమి. మా యౌవనుని ప్రక్కన ఇప్పుడు క్రొత్తగా ఒక కుర్రవాడు కూర్చుండి రాగితీగ చుట్లు లెక్కించుచున్నాడు. లెక్క తప్పెను. మా యౌవనుడు కోపపడక, “మొదటినుంచి లెక్కపెట్టు తమ్ముడూ, తొందరేమీ లేదు” అనెను. ఆ మాట అతడు నేర్చుకొన్నది మా యొద్ద కాదు. అయినను దేవునికి స్తోత్రము చెల్లించితిమి.

బైబిలు తరగతిలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీకు పని నేర్పినవారెవరు? వారికి ఎప్పుడైన కృతజ్ఞత తెలిపితిరా?
2. అకుల ప్రిస్కిల్లలు అపొల్లోను సమాజమందిరములోనే సరిదిద్దినయెడల ఏమి జరిగియుండును?
3. మార్కు విషయములో మీరు పౌలు పక్షమా, బర్నబా పక్షమా? ఎందుకు?
4. మీ మాటవలన పనికిగాని మందిరమునకుగాని దూరమైనవారెవరైన యున్నారా? ఈ మాసములో వారియొద్దకు వెళ్లగలరా?

ప్రార్థన

వడ్లవాని యింట పెరిగి చేతిపని నేర్చిన ప్రభువా, మా చేతులకు నేర్పును మా నాలుకకు నెమ్మదియు దయచేయుము. మావలన నలిగినవారిని నీవు లేవనెత్తుము. మాకంటె ముందు నడువవలసినవారికి త్రోవ విడుచు హృదయమును మాకు అనుగ్రహించుము. ఆమేన్.